గంగనీళ్లు: నిర్మల సీమ జాతరలలో జలయాత్ర

పీఠిక

తెలుగువారు తమ ఉత్సవములకు పెట్టుకొనిన పేర్లను ఒకచోట చేర్చి చూచినచో ఒక విశేషము తోచును. తిరునాళ్ళు అను మాటలో దినమునకు ప్రాధాన్యము కలదు. బోనాలు అను మాట భోజనశబ్దభవము. అందు నివేదనకు ప్రాధాన్యము. కొలుపు అనుటలో సేవ ప్రధానము. జాతర అనునది సంస్కృత యాత్రాశబ్దమునకు తద్భవము. అందు నడక ప్రధానము. గోదావరీ మండలములలోను, విశాఖపట్టణ ప్రాంతమునను గ్రామోత్సవమును తీర్థమని వ్యవహరింతురు. కోనసీమలోని జగ్గన్నతోట ఉత్సవము ప్రభలతీర్థముగనే ప్రసిద్ధమైనది. తీర్థమనగా మొదట దాటుటకు వీలైన రేవు, పిమ్మట పవిత్రజలము, ఆ పిమ్మట ఆ జలముకడ కూడిన జనసమూహము. ఇట్లు దినము, అన్నము, సేవ, నడక, నీరు అను ఐదింటిని మన భాష ఉత్సవ నామములలో భద్రపరచినది.

మన పరిశోధకులు ఈ ఐదింటిలో దినమును గూర్చి పెక్కు వ్రాసిరి. ఏ మాసము, ఏ తిథి, ఏ దేవత, ఏ కథ, ఏ పాట అను విషయములను శ్రద్ధతో సేకరించిరి. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్య పరిశోధనము 1958లో గ్రంథరూపమున వెలువడిన నాటినుండి పాటల సేకరణ విశ్వవిద్యాలయములలో గౌరవము నందుకొన్నది. కాని నడకకును, నీటికిని ఆ పాటి ప్రాధాన్యము లభింపలేదు. ఈ వ్యాసమున మేము ఆ రెండింటిని కలిపి చూడ దలచితిమి.

ఈ ఆలోచనకు కారణము తరగతిగదిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న. మేము కేస్లాపురపు జాతరను గూర్చి చెప్పుచుండగా ఆమె, "ఊరిలో కోనేరు ఉన్నది గదా సార్, అంతదూరము నడిచిపోయి నీళ్లు తెచ్చుట ఎందుకు?" అని అడిగినది. గోదావరి పవిత్రనది గనుక అని మేము తత్క్షణమే సమాధానము చెప్పితిమి. ఇంటికి వచ్చి ఆలోచింపగా ఆ సమాధానము చాలదని తెలిసినది. గోదావరి అంతటను పవిత్రమే. బాసరలో పవిత్రము, ధర్మపురిలో పవిత్రము. పండ్రెండేండ్లకొకమారు వచ్చు పుష్కరములలో ఏ రేవున మునిగినను పుణ్యమే యని జనుల విశ్వాసము. అట్లయినచో ఒక వంశమువారు ఏటేట ఒకే మడుగునకు పోవుటకును, ఒక దేవత నగలు ఏటేట ఒకే రేవునకు పోవుటకును కారణము నది పవిత్రత యొక్కటియే కాజాలదు.

నిర్మల సీమ ఈ పరిశీలనకు మిక్కిలి యనువైనది. ఉత్తరమున సత్మల కొండలు, దక్షిణమున గోదావరి. నడుమ తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండీ, కొలామీ భాషలు వినవచ్చు పల్లెలు. నిర్మల్ పేరు చెప్పగనే అన్యప్రాంతములవారికి పొణికికర్ర బొమ్మలును, వర్ణచిత్రములును స్మరణకు వచ్చును. ఇక్కడివారికి మాత్రము సంవత్సరము జాతరలతో గణింపబడును. ఈ సీమలో గోదావరిని పల్లెజనులు గోదావరి యనుట అరుదు. గంగ యనియే అందురు. గంగకు పోయివచ్చితిమనిన గోదావరికి పోయివచ్చితిమని అర్థము. కావుననే ఇచటి జాతరలలో తెచ్చు నీటికి గంగనీళ్లని పేరు వచ్చినది.

నీరు దేవుని కడకు వచ్చుట

మొదట కేస్లాపురమును చూతము. ఇది ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలములోని గ్రామము. ఇచట పుష్యబహుళ అమావాస్యనాడు నాగోబా జాతర ఆరంభమగును. నాగోబా సర్పదేవత, గోండులలో మెస్రం వంశమువారికి ఆరాధ్యుడు. గోండు సమాజము నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా విభక్తమైనది. ఒక సగలోని వంశములవారు పరస్పరము సోదరులు. వారిలో వారికి వివాహసంబంధములు లేవు. ఈ విషయమును మనస్సున నుంచుకొననిచో జాతరలోని పెక్కు క్రియలు అర్థము కావు.

పుష్యమాసపు నెలవంక కనబడిన పిమ్మట మెస్రం పెద్దలు సమావేశమగుదురు. పటేలు, పూజ నిర్వహించు కటోడ, వంశగాథలు గానము చేయు ప్రధాను మొదలగువారు ఇందు ముఖ్యులు. ఎడ్లబండి కట్టుకొని సిరికొండకు పోయి అచటి కుమ్మరులకు జాతరకు వలసిన కుండలు చేయవలసినదిగా చెప్పుదురు. జాతరవార్తను ఊరూరను తెలుపుదురు. పిమ్మట మెస్రం వారు గుంపుగా కాలినడకన బయలుదేరి, నేటి మంచిర్యాల జిల్లా జన్నారం మండలమున కలమడుగు దగ్గర గోదావరిలో గల హస్తలమడుగునకు పోవుదురు. దీనినే హస్తినమడుగనియు అందురు. మార్గమున గ్రామములలో విడిసి, ఆ ఊళ్ల ఆతిథ్యమును స్వీకరించి, మడుగుకడ పూజ చేసి, ఝారీలో నీరు నింపుకొని మరల నడకతోనే తిరిగివత్తురు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవిని పూజించి కేస్లాపురము చేరి, గుడిలోనికి వెంటనే పోక మర్రిచెట్ల నీడను విడియుదురు. ఏడాదిలో గతించిన వంశీయులకు చేయవలసిన తూమ్ అను కర్మను అచట నిర్వర్తింతురు. అనగా బ్రతికియున్నవారు దేవుని దర్శింపకముందు మృతులకు తమ ఋణమును చెల్లించుకొందురు.

అమావాస్యరాత్రి గంగనీటితో నాగోబాకు అభిషేకము జరుగును. ఇంతటితో నీటిపని ముగియలేదు. వంశపు ఆడపడుచులు, అల్లుళ్లు సిరికొండనుండి వచ్చిన క్రొత్తకుండలతో కోనేటినీరు తెచ్చి, ఆ నీటితో మట్టిని తడిపి పుట్టలు చేయుదురు. మా విద్యార్థిని అడిగిన కోనేరు ఇదియే. అది అనవసరము కాదు, దానిపని వేరు. గోదావరీజలము పుట్టింటివారు నడిచి తేవలసినది. కోనేటిజలము పెండ్లియై పోయిన ఆడుబిడ్డలును, వారిని చేపట్టిన పరసగ అల్లుళ్లును తేవలసినది. రెండు నీళ్లు, రెండు బాంధవ్యములు.

ఆ రాత్రియే భేటింగ్ జరుగును. గడచిన కాలమున మెస్రం ఇండ్లకు కోడండ్రై వచ్చిన స్త్రీలు తెల్లని వస్త్రములు ధరించి పెద్దలవెంట వచ్చి నాగోబాను దర్శింతురు. కోడలిని గోండీలో కోరియాడ్ అందురు. మన కోడలును, వారి కోరియాడును ఒకే ద్రావిడధాతువునుండి వచ్చిన మాటలని భాషావేత్తలు చెప్పుదురు. ఈ దర్శనమైన పిమ్మటనే ఆమె వంశపు దేవకార్యములలో పాల్గొనుటకు అర్హురాలగును. అల్లుడు నీరు తెచ్చి తన స్థానమును నిలుపుకొనుచుండగా, కోడలు దేవుని ముందు నిలిచి తన స్థానమును పొందుచున్నది. వంటయు ఇట్లే. ఎన్ని కుటుంబములు వచ్చినను, వంశములోని ఇరువదిరెండు శాఖలకు నియతమైన పొయ్యిలమీదనే వంతులవారీగా వండుకొందురు. క్రొత్త పొయ్యి పెట్టరాదు. జనసంఖ్య ఎంత పెరిగినను శాఖల లెక్క మారలేదని ఆ పొయ్యిలే చెప్పుచున్నవి.

దేవత నీటి కడకు పోవుట

ఇక అడెల్లికి వత్తము. ఇది నిర్మల్ జిల్లా సారంగాపూర్ మండలమున గల గ్రామము. ఇచటి పోచమ్మను మహాపోచమ్మ యందురు. సంవత్సరమంతయు ఆదివారములందు బోనాలెత్తుకొని జనులు వత్తురు. కాని వానకాలము వెనుకబడి గోదావరి నిండుగా నున్న శరత్తులో రెండు దినములపాటు జరుగు ఉత్సవమునకే గంగనీళ్ల జాతర యని పేరు.

ఇందు నడకదిశ కేస్లాపురమునకు విలోమము. అక్కడ నీరు దేవుని కడకు వచ్చును. ఇక్కడ దేవత నగలు నీటి కడకు పోవును. తొలినాడు అమ్మవారి ఆభరణములను పెట్టెలో నుంచి తలకెత్తుకొని, డప్పులతో ఊరేగింపుగా కాలినడకన బయలుదేరి, దిలావర్‌పూర్ మండలములోని సాంగ్వి కడ గోదావరీతీరమునకు చేరుదురు. మరునాడు నదిలో నగలను కడిగి, పూజించి, గంగనీళ్లతో తిరిగివచ్చి దేవతకు మరల అలంకరింతురు. మార్గమునందలి ప్రతిగ్రామమును వాకిలి అలికి, హారతులెత్తి, నగలను ఎదుర్కొనును. ఆ నీటిని కొంచెము తీసికొనిపోయి పొలములో చల్లుకొన్నచో పైరునకు చీడ తగులదని రైతుల నమ్మకము.

ఇక్కడ ఒక ప్రశ్న వేసికొనవలెను. నగలు కడుగుటకు గోదావరినీరే కావలెనన్నచో ఒక బిందెతో తెప్పించి గుడిలోనే కడుగవచ్చును. అట్లు చేయకపోవుట వలన లాభమెవరికి? దారిలోని ఊళ్లకు. అడెల్లికి పోజాలని వృద్ధుడును, బాలింతయు, పశువులను విడిచి కదలలేని కాపువాడును ఆ దినమున తమ వాకిటనే అమ్మవారిని చూతురు. విగ్రహము కదలదు, నగలు కదలును. గర్భాలయమునకును, గడపకును మధ్యనున్న దూరమును ఆ పెట్టె పూడ్చుచున్నది. ఒక గుడి దేవత ఒక దారి దేవతయగుట ఈ జాతరలోని ముఖ్యాంశము.

నీటికి అప్పగించుట, నీటిని మానుట

మూడవ విధము మన పాఠకులకు సుపరిచితము. భాద్రపదబహుళ అమావాస్య మొదలుకొని ఆశ్వయుజశుద్ధ అష్టమివరకు తెలంగాణమంతటను స్త్రీలు గునుగు, తంగేడు, బంతి, గుమ్మడి పూలతో బతుకమ్మను పేర్చి ఆడి, చెరువున విడుతురు. ఇందు తెచ్చుట లేదు, కడుగుట లేదు, అప్పగించుటయే కలదు. గట్టుమీద సద్దులు పంచుకొని, గౌరమ్మ పసుపును పుస్తెలకద్దుకొని మరలుదురు. ఈ పండుగను గూర్చి విశేషరచనలున్నవి గనుక మేము ఇంతటితో విడిచి, నాలుగవ విధమునకు పోవుదుము.

ఆశ్వయుజమున దీపావళికి ముందు గోండులు దండారి చేయుదురు. నెమలిపింఛముల పెద్దకిరీటము, ఒడలినిండ బూడిద, భుజమున మేకచర్మము, చేత దండము ధరించిన గుస్సాడీలు ఒక ఊరినుండి మరొక ఊరికి నడచి, ఆతిథ్యమును పొంది, ఆడిపాడుదురు. పెండ్లిసంబంధములు కుదురుటకును ఇది తరుణము. దీక్షలోనున్నన్నినాళ్లు గుస్సాడీ స్నానము చేయడు. అమావాస్యానంతరము దీక్ష విడుచునపుడు మాత్రమే స్నానము. గోదావరి యొడ్డున గుడిరేవు కడ వెలసిన పద్మల్‌పురి కాకో సన్నిధికి దండారి దళములు పోవుచునే యున్నవి. కాని దీక్షాధారి ఒడలిమీది బూడిద నిలిచియే యుండవలెను. నీటిని తాకకుండుటయు నీటికిచ్చు గౌరవములలో ఒకటి. అది ఎప్పుడు, ఎవరిచేత, ఏ పనికి అను నియమమున్నదనుటకు ఈ వర్జనమే బలమైన నిదర్శనము. ఈ నృత్యమును జీవితాంతము నేర్పిన మార్లవాయి గ్రామస్థుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించినది. అతడు 2024లో కాలధర్మము చెందెను.

దేశాంతరములందలి సామ్యములు

పై నాలుగు విధములకును ప్రపంచమున సామ్యములు కలవు. వానిని చూచుట మన సీమను గొప్పచేయుటకు గాని, తక్కువచేయుటకు గాని కాదు. మన ప్రశ్నను పదునుపెట్టుకొనుటకు మాత్రమే.

దేవతను కడుగుటకు ప్రసిద్ధోదాహరణము ప్రాచీన ఆథెన్సులోని ప్లింటేరియా. థార్గెలియోన్ మాసమున, అనగా వేసవి మొదట, ప్రాక్సియెర్గిడై అను వంశమువారు ఎథీనాదేవి ఆభరణములను తొలగించి విగ్రహమునకు ముసుగు వేసి గుప్తక్రియలు జరిపెడివారు. క్రీ.పూ. 5వ శతాబ్దాంతమున ఆల్సిబియాడెస్ అను సేనాని ప్రవాసమునుండి సరిగా ఆ దినముననే నగరమునకు తిరిగివచ్చెననియు, దేవి ముసుగులోనున్న దినమున వచ్చుట అశుభమని ప్రజలు శంకించిరనియు ప్లూటార్కు వ్రాసెను. రోములో మార్చి 27న సిబిలిమాతను బండిపై నెక్కించి అల్మో అను చిన్నయేటికి కొనిపోయి కడిగెడివారు. ఆమె ప్రతీకయైన శిలను క్రీ.పూ. 204లో ఆసియా మైనరునుండి తెచ్చిరి. జర్మనుజాతులలో నెర్తుస్‌దేవత బండిని మరుగైన సరస్సులో కడిగి, కడిగిన బానిసలను ఆ సరస్సులోనే ముంచివేయుదురని టాసిటస్ క్రీ.శ. 98లో రచించిన గ్రంథమున కలదు.

నీటిని దేవాలయమునకు తెచ్చుటకు యెరూషలేము నిదర్శనము. శరత్తునందలి పర్ణశాలల పండుగలో సిలోయము కోనేటినుండి బంగారుపాత్రతో నీరు తెచ్చి, కొమ్ముబూరలు మ్రోగుచుండగా బలిపీఠముపై పోసెడివారు. క్రీ.శ. 70లో ఆలయము ధ్వంసమగుటతో ఆ క్రియ నిలిచినది. జపానులోని నారానగరమున తోదాయి-జీ విహారమునకు చేరిన నిగత్సు-దో మందిరమందు క్రీ.శ. 752నుండి జరుగుచున్న ఒమిజుతోరి నేటికిని సజీవము. మార్చి నెలలో పదునొకండుగురు భిక్షువులు దీక్షవహించి, 12వ తేదీ రాత్రి గడచిన పిమ్మట బావినుండి నీరు తోడి దేవతకర్పింతురు. ఆ నీరు దూరమున ఉత్తరసముద్రతీరమందలి వకాసా సీమనుండి భూగర్భమార్గమున వచ్చునని విశ్వాసము. మార్చి 2న వకాసాలో ఏటిలో నీరు పోసి పంపు క్రియయు జరుగుచున్నది. దగ్గర బావినుండి తోడిన నీటికే దూరపుదారిని కల్పించుకొనుట గమనింపదగినది.

థాయిలాండులో ఏప్రిలు నడుమ వచ్చు సోంగ్‌క్రాన్ పండుగనాడు బుద్ధవిగ్రహముపైనను, పెద్దల చేతులపైనను నీరుపోసి ఆశీస్సులు పొందుదురు. ఇది 2023లో యునెస్కో జాబితా కెక్కినది. ఆ దేశముననే లోయ్ క్రథోంగ్ పున్నమిరాత్రి అరటిబోదెపై పూలు, దీపము పేర్చి నీట విడుచుట మన బతుకమ్మను స్మరణకు తెచ్చును.

సామ్యమునకు అర్థమేమి?

ఇట్టి సామ్యములను చూచినప్పుడు రెండు త్రోవలు మనలను పిలుచును. ఒకటి, ఇది అక్కడనుండి వచ్చినదనుట. రెండవది, ఇవియన్నియు వర్షాకర్షణమునకై ఆదిమానవుడు చేసిన మంత్రక్రియల శేషములనుట. 1890లో మొదట వెలువడిన ఫ్రేజరు గ్రంథము ఈ రెండవ త్రోవకు రాజమార్గము వేసినది. మేమును చాలకాలము తరగతిలో దానినే బోధించితిమి. ఇప్పుడు దానిని సవరించుకొనవలసియున్నది.

మొదటిది సాధింపజాలనిది. పైరునకు నీరు, ఒడలికి స్నానము అవసరమైన ప్రతిదేశమునను ఈ క్రియ స్వతంత్రముగా పుట్టవచ్చును. రెండవదానికి కాలము ఎదురుసాక్ష్యము చెప్పుచున్నది. యెరూషలేము పండుగ వానలకు ముందు వచ్చును. దానికి ఆ వ్యాఖ్య చెల్లవచ్చును. అడెల్లి జాతర వానలు ముగియుచున్నప్పుడు వచ్చును. కేస్లాపురపు జాతర పుష్యమున, పంట ఇంటికి చేరి వాగులు సన్నగిల్లుచున్నప్పుడు వచ్చును. ఆ నెలలో వాన కురియవలెనని ఏ రైతును కోరడు. పంట కల్లములోనుండగా వానవచ్చిన అది నష్టమే.

అంతకన్న ముఖ్యమైన విషయము, ఒకే క్రియకు భిన్నదేశములలో భిన్నఫలము. ఆథెన్సులో దేవి నగలు తీసిన దినము అశుభము, పనులు మానుదురు, దేవికి ముసుగు. అడెల్లిలో దేవి నగలు గుడివెడలిన దినము సంవత్సరమున కెల్ల శుభదినము, దారిపొడవున హారతులు. నెర్తుస్‌ను కడిగినవారికి మరణము. సాంగ్విలో నగలు కడుగుటను చూచినవారికి మురిపెము. కావున క్రియాసామ్యము అర్థసామ్యము కాదు. నగలు తీయుట, నీట కడుగుట, మరల తొడుగుట అను మూడు చేష్టలు అక్షరములవంటివి. వానితో ప్రతిసమాజమును తన మాటను తాను కూర్చుకొనును.

అట్లయిన సామాన్యమైనది ఏమియు లేదా? ఒకటి కలదు. ఈ ఉదాహరణములలో పెక్కింటియందు ఎవరు అను ప్రశ్నకు ఖచ్చితమైన సమాధానమున్నది. ఆథెన్సులో ప్రాక్సియెర్గిడై వంశము, నారాలో దీక్షితులైన పదునొకండుగురు, రోములో అందుకు నియుక్తులైన పదునేవురు పూజారుల సంఘము, కేస్లాపురములో మెస్రం వంశము, సిరికొండలో కుమ్మరి, కోనేటికడ ఆడపడుచు, అల్లుడు. నీరు ఎక్కడిదైనను, అది చేతులు మారివచ్చుచు ప్రతిచేతిని ఒక హక్కుగా స్థిరపరచుచున్నది. కుమ్మరి కుండలు చేయనిచో అల్లునికి పాత్ర లేదు. అల్లుడు రానిచో పుట్ట లేదు. పుట్ట లేనిచో ఆడపడుచునకు పుట్టింటిలో ఆ యేటి పని లేదు. నడకను తగ్గించి దారిలోని ఒక్క విడిదిని తీసివేసినచో ఆ ఊరు ఆతిథ్యమిచ్చు హక్కును కోల్పోవును. మా విద్యార్థిని ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది. దూరము ఆటంకము కాదు. దూరములోనే అందరికిని చోటున్నది. దగ్గరి నీటిని ఒక్కరే తేవచ్చును. దూరపు నీటిని తేవలెనన్న పదిమంది కావలెను.

చరిత్రలో మారినది, మారనిది

జాతరలు అనాదినుండి మార్పులేక సాగుచున్నవను మాట మర్యాదకు చెప్పునదే గాని చరిత్ర కాదు. 1940లో జోడేఘాట్ కడ కుమురం భీము నిజాం ప్రభుత్వపు సాయుధబలములతో పోరి మృతుడైన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు ఈ సీమకు వచ్చెను. మార్లవాయిలో నివసించి, 1943నుండి గోండీ బడులకును, ఉపాధ్యాయశిక్షణకును తోడ్పడెను. రాజగోండులను గూర్చిన అతని గ్రంథము 1948లో వెలువడినది. కేస్లాపుర జాతరలో ప్రభుత్వాధికారులు కూర్చుండి గోండుల మొరలు వినునట్టి దర్బారు ఆ దశాబ్దమున అతని చొరవతోనే ఏర్పడినది. అంతవరకు గోండు తన మొరతో కచ్చేరికి నడచిపోయెడివాడు. దర్బారుతో కచ్చేరియే జాతరకు నడచివచ్చినది. యాత్రాదిశ మారుటయు ఇందొక చరిత్రాంశమే.

ఐనను దర్బారు వలన మొరలన్నియు తీరలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమిసమస్యలపై సభకు కూడిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. గంగనీళ్లు తెచ్చు మెస్రం వారు ఇంద్రాదేవికి మ్రొక్కు ఊరు ఆ ఇంద్రవెల్లియే. నేడు ఆ ఊరిలో దేవస్థానమును కలదు, అమరుల స్తూపమును కలదు.

2014లో తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమై బతుకమ్మను, బోనాలను రాష్ట్రోత్సవములుగా ప్రకటించినది. 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు జిల్లా విభక్తమై నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు కేంద్రములుగా క్రొత్తజిల్లాలు వెలసినవి. నాగోబా ఒక జిల్లాలో, అతని జలము మరొక జిల్లాలో ఉండుట తటస్థించినది. 2022లో మెస్రం వారు తమలో తాము చందాలు వేసికొని కేస్లాపురమున శిల్పశోభితమైన రాతిగుడి కట్టుకొనిరి. పోచంపాడు కడ 1963లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు గోదావరి ప్రవాహరీతినే మార్చివేసినది. మోటారుబండ్లు వచ్చినవి, జాతరకు వచ్చు భక్తులు బస్సులలో వత్తురు.

ఇన్ని మార్పులలో గంగనీటికై పోవువారు మాత్రము నడచుచునే యున్నారు. ఇదియే మేము పాఠకుల దృష్టికి తేదలచిన అంశము. గుడి మారవచ్చును, పూరిపాక పోయి రాయి రావచ్చును. దర్బారు క్రొత్తగా చేరవచ్చును. జిల్లాల హద్దులు జరుగవచ్చును. ఇవన్నియు ఉత్సవపు వస్త్రములు. నడక, కుండ, పొయ్యి, కోడలి దర్శనము అనునవి మాత్రము దాని ఎముకలు. వస్త్రము పాతదా క్రొత్తదా యని వాదించుచు ఎముకలను లెక్కింపకపోవుట మన పరిశోధనలోని లోపము.

ఉపసంహారము

పై చర్చవలన తేలిన విషయములు మూడు. ఒకటి, నిర్మల సీమ జాతరలలో నీటిని తెచ్చుట, నీటికి పోవుట, నీట విడుచుట, నీటిని మానుట అను నాలుగు విధములు కలవు; ఇవి ఒకే సీమలో, ఒకే నది నాశ్రయించి, పక్కపక్కనే వర్ధిల్లుచున్నవి. రెండు, దేశాంతర సామ్యములు చేష్టలకే గాని భావములకు కావు. ఆథెన్సు ఉత్సవమును శాస్త్రీయసంస్కృతియనియు, అడెల్లి ఉత్సవమును గ్రామ్యాచారమనియు రెండు అరలలో పెట్టుటకు ఆధారము లేదు. ఒకదానిని ప్లూటార్కు వ్రాసిపెట్టెను. రెండవదానిని మనము వ్రాయలేదు. భేదము అంతమాత్రమే. మూడు, జలయాత్రలో విలువ జలమున కెంతయో, దానిని మోసినవారి వరుసకును అంతయే.

పరిశోధకవిద్యార్థులకు మా మనవి యొకటి. జాతరకు పోవునపుడు అమావాస్యనాటికి పోయి, పాట వ్రాసికొని, ఛాయాచిత్రము తీసికొని మరలిరావద్దు. పది దినములు ముందుగా పోవలెను. నీరు ఎక్కడిది, పాత్ర ఎవరు చేసినది, ఎవరు మోయుదురు, ఎక్కడెక్కడ విడియుదురు, విడిదిలో అన్నము పెట్టువారెవరు, ఎవరు మోయరాదు అను ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను. వీలైనచో వారి అనుమతితో వెంట నడువవలెను. నడచినవానికి కాళ్లనొప్పితో పాటు, పుస్తకములలో దొరకని వంశావళి యొకటి దొరకును. ఆ వంశావళి పటముమీద లేదు, దారిమీద ఉన్నది.

మరుసటి యేట ఆ విద్యార్థినియే మరల మా తరగతికి వచ్చి, తన అమ్మమ్మ ఊరు సాంగ్విదారిలోనిదే యనియు, నగలపెట్టె వచ్చువేళకు వాకిలి అలుకుట చిన్ననాటినుండి తనపనియే యనియు చెప్పినది. ప్రశ్న అడిగిననాడు ఆ సంగతి ఆమెకు తోచలేదట. మాకును ఆమెను అడుగవలెనని తోచలేదు.